రంగం ఓడ ఎక్కిన రేవు

మా అత్తగారికి ఎనభై నాలుగేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. ఒక కంటికి శుక్లం ఆపరేషను అయింది, రెండోదానికి ఎంత చెప్పినా ఒప్పుకోవడం లేదు. ఇదే విశాఖపట్నంలో ఉన్న కూతురింటికి వెళ్ళాలన్నా వారం ముందు నుంచీ ఆలోచించే మనిషి, మార్గశిరంలో ఓ పొద్దున కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, "అమ్మాయ్, ఒకసారి పాతూరు తీసుకెళ్తావా? మా నాన్న ఓడెక్కిన చోటు చూడాలనుంది" అన్నారు.

పాతూరంటే వన్ టౌన్. ఇప్పటి వాళ్ళకి విశాఖ అంటే ఆర్కే బీచీ, కైలాసగిరీ, రుషికొండా. అసలు ఊరు పుట్టింది మాత్రం అక్కడే, హార్బరు పక్కన ఉన్న ఆ ఇరుకు వీధుల్లో.

ఆవిడ తండ్రిని ఆవిడ చూడలేదు. 1941 ఎండాకాలంలో ఆయన "రంగం" వెళ్ళారు. అదే ఏడు కార్తీకంలో ఈవిడ పుట్టారు. మన ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనే అంటారు. "రంగం పోయి సంపాదించాడు", "రంగం టేకు", "రంగం పెట్టె" – ఈ మాటలు మీ ఇళ్ళలోనూ వినే ఉంటారు. మా ఇంట్లో ఒక రంగం పెట్టె ఉంది. నా పెళ్ళయి వచ్చిన కొత్తలో అందులో పాత దుప్పట్లు పెట్టుకోమని నాకిచ్చారు. నిరుడు ఓ పాత సామాన్ల వాడు అడిగితే ఇచ్చేద్దామా అన్నాను. ఆ పూట అత్తగారు అన్నం తినలేదు. ఆ పెట్టె కథ అంతా నాకు తెలిసింది ఆ రోజే.

గురువారం అయితే కనకమహాలక్ష్మి గుడి దగ్గర అడుగు తీసి అడుగు వెయ్యలేం. అందుకని మంగళవారం బయల్దేరాం. నాలుగింటికి ఆటో ఎక్కి బురుజుపేటలో దిగాం.

బురుజుపేట అన్న పేరులోనే ఒక కోట బురుజు ఉంది. ఆ అమ్మవారు బావిలో దొరికిందంటారు. గర్భగుడికి పైకప్పు ఉండదు. ఎండకీ వానకీ అలాగే ఉంటుంది తల్లి. ఎడమ చెయ్యి సగం వరకే ఉంటుంది. భక్తులే స్వయంగా పసుపూ కుంకుమా వెయ్యొచ్చు. మార్గశిర గురువారాల్లో జిల్లాల నుంచి ఆడవాళ్ళు కదిలొస్తారు. మా అత్తగారి అమ్మగారు – మా పిల్లలు ముత్తమ్మమ్మ అంటారు కానీ, నేను అమ్మమ్మగారనే రాస్తాను – బతికున్నన్నాళ్ళూ ఈ గురువారాలు మానలేదట. ఎందుకు మానలేదో తర్వాత చెబుతాను.

దర్శనం చేసుకుని, కుంకుమ పొట్లం కొంగున కట్టుకుని, అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. కురుపాం మార్కెట్ దాకా మెల్లిగా నడిచాం. పసుపు కొమ్ములు, వనమూలికలు, ఇత్తడి సామాన్లు, పూజ సామగ్రి, బంగారం కొట్లు. ఆ వాసనలు ఎక్కడికీ పోలేదు. "మా అమ్మ ఇక్కడే శొంఠి కొనేది" అని ఒక కొట్టు ముందు ఆగారు. కొట్టు పేరు మారిపోయింది. శొంఠి మాత్రం ఉంది. ఒక వంద గ్రాములు కొన్నాం.

అక్కణ్ణుంచి కోట వీధి. ఇప్పుడు కోట లేదు, వీధి ఉంది. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు 1682లో ఇక్కడ వ్యాపార స్థావరం పెట్టుకున్నారు. బట్టల వ్యాపారం. తర్వాత దాన్నే కోటగా చేసుకున్నారు. 1757లో ఫ్రెంచి బుస్సీ వచ్చి పట్టుకున్నాడు, మళ్ళీ ఇంగ్లీషు వాళ్ళ చేతికి వచ్చింది. ఇదంతా బడి పుస్తకాల్లో ఒక వాక్యంగా చదువుకున్నదే. నాకు ఆ వీధిలో గుర్తొచ్చింది మాత్రం ఇంకో సంగతి. 1780 అక్టోబరు 3న ఇక్కడి కంపెనీ సిపాయిలని ఓడెక్కి మద్రాసు వెళ్ళమన్నారు. అక్కడ హైదరాలీతో యుద్ధం నడుస్తోంది. వాళ్ళు ఓడెక్కమన్నారు. మాట మీద ఆగలేదు, తిరగబడ్డారు; కొందరు ఇంగ్లీషు అధికారులు చచ్చిపోయారు. 1857కి డెబ్భై ఏడేళ్ళ ముందు సంగతి ఇది.

ఈ మాట అత్తగారికి చెబితే ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వాళ్ళు ఎక్కం అన్నారు. మా వాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని ఎక్కేరు" అన్నారు.

నిజమే. తర్వాతి కాలంలో ఆ తీరమంతా ఎక్కేవాళ్ళే. గోపాల్‌పూరు, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ – ఈ రేవులన్నిటి నుంచీ స్టీమర్లు బర్మాకి మనుషుల్ని తీసుకెళ్ళేవి. అప్పుడు విశాఖలో ఓడ ఒడ్డుకి ఆనే వీల్లేదు. దూరంగా సముద్రంలో లంగరు వేస్తే, పడవల్లో అలల మీద వెళ్ళి ఎక్కాలి. బర్మాలో అప్పుడు వరి పంట విపరీతంగా పెరుగుతోంది, పనిచేసే చేతులు కావాలి. మేస్త్రీలు ఊళ్ళమ్మట తిరిగి అడ్వాన్సులిచ్చి జట్లు జట్లుగా తీసుకెళ్ళేవారు. ఇక్కడ కరువులూ అప్పులూ ఉండనే ఉన్నాయి. కోతలకి వెళ్ళినవాళ్ళు, రేవులో మూటలు మోసినవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళు, రిక్షాలు లాగినవాళ్ళు, వీధులూ పాకీదొడ్లూ శుభ్రం చేసినవాళ్ళు, వీళ్ళలో తెలుగువాళ్ళే ఎక్కువ. అక్కడ వాళ్ళని "కోరంగీలు" అనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో నాలుగు లక్షల మంది ఉంటే, అందులో సగానికి పైగా మన దేశం వాళ్ళే.

ఆ లెక్కల్లోనే ఇంకో సంగతి ఉంది. వెళ్ళిన తెలుగువాళ్ళలో మగవాళ్ళే చాలా ఎక్కువ. అంటే ఇవతల ఒడ్డున ఎన్ని ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒంటరిగా పిల్లల్ని పెంచారో, మనియార్డరు కోసం పోస్టుమాన్ దారి చూశారో ఆలోచించండి. వాళ్ళ లెక్క ఏ పుస్తకంలో ఉంటుంది?

కోట వీధి దాటి టౌన్ హాలు దగ్గరికొచ్చేసరికి ఐదైంది. బొబ్బిలి రాజావారి విరాళంతో కట్టిన రాతి భవనం. ఒకప్పుడు దాని ముందు ఇసుక ఒడ్డూ, సముద్రమూ ఉండేవి. అత్తగారు చిన్నప్పుడు అక్కడ గవ్వలు ఏరుకున్నారట. ఇప్పుడు చేపల రేవు, పోర్టు గోడలు, గోదాములు, లారీలు. చేపల వాసన, డీజిలు వాసన వస్తున్నాయి. ఎక్కడో ఓడ కూత కూడా వినబడింది. నీళ్ళు మాత్రం కనబడలేదు. ఓడల వల్ల పెరిగిన ఊళ్ళో, ఓడ కనబడే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది.

"మా అమ్మ ఇక్కడే నిలబడిందట" అన్నారు అత్తగారు, గోడకేసి చూస్తూ.

ఎక్కడ నిలబడింది, ఓడ ఎటు వెళ్ళింది అని నేను అంతకుముందు ఎప్పుడూ ఆలోచించలేదు. అదంతా తెలియాలంటే ఈ హార్బరు ఎలా వచ్చిందో తెలియాలి.

మన కొండ – డాల్ఫిన్ నోస్ – సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది కదా. దానికి ఉత్తరాన, మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట, పెద్ద ఉప్పుటేరు, బురద నేల ఉండేవి. ఏటి నోటికి అడ్డంగా ఇసుక మేట. మన తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొస్తుంది. ఎంత తవ్వినా మళ్ళీ పూడిపోతుంది. అందుకే లోపలికి ఓడ రావడం కుదరని పని అనుకునేవారు. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం బయటికి పంపడానికి ఒక రేవు కావాలని బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టుబట్టింది. రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు దారి వేసింది. 1927 నుంచి 1933 దాకా ఆ బురద తవ్వి, 378 లక్షల రూపాయల ఖర్చుతో లోపలి హార్బరు కట్టారు. ఇసుకని ఆపడానికి జానస్, వెలెస్డన్ అనే రెండు పాత ఓడల్ని రాళ్ళతో నింపి, కొండ ముక్కు దగ్గర కావాలనే ముంచేశారు. వాటినే అడ్డుగోడ చేశారు. మా అబ్బాయికి ఈ ముక్క మహా ఇష్టం. ఓడల్ని రప్పించడానికి ఓడల్నే ముంచారా అని పదిసార్లు అడిగాడు.

1933 అక్టోబరు 7న మొదటి ఓడ లోపలికొచ్చింది. పేరు జలదుర్గ, సింధియా కంపెనీది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి ప్రారంభోత్సవం చేశాడు. రేవు కట్టింది ఖనిజం కోసం. కానీ మొదట వచ్చిన ఆ జలదుర్గ మాత్రం ప్రయాణికుల స్టీమరు.

ఇక అలల మీద పడవల ప్రయాణం తప్పింది. మా అత్తగారి నాన్నగారు అలా రేవులోనే ఓడెక్కారు. రంగూన్‌లో ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. రెండేళ్ళకోసారి వచ్చేవారు. అలా వచ్చి, భార్యకి నెల తప్పాక, 1941 జ్యేష్ఠంలో మళ్ళీ వెళ్ళారు. వచ్చినప్పుడు తెచ్చిందే ఆ టేకు పెట్టె. సరిగ్గా ఆ రోజుల్లోనే, జూన్ 21న, హార్బరు ఆ పక్కన బాబూ రాజేంద్రప్రసాద్ ఓడల కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఇప్పుడు మనం బస్సులో "సింధియా" అని దిగే చోటు పేరు ఆ కంపెనీదే. ఊరంతా ఆ సంబరంలో ఉందని అమ్మమ్మగారు చెప్పేవారట.

ఆడవాళ్ళు రేవు లోపలికి వెళ్ళే అలవాటు లేదు. అందుకని అమ్మమ్మగారు, తోటికోడలు, ఇద్దరూ టౌన్ హాలు దగ్గర ఒడ్డుకొచ్చి నిలబడ్డారు. ఓడ కొండ పక్కన కాలువలోంచి మెల్లిగా బయటికొచ్చి సముద్రంలోకి మళ్ళింది. మనిషి ఎవరో పోల్చుకునే దూరం కాదు. చాలామంది తువ్వాళ్ళు ఊపుతున్నారట. వాటిలో ఒకటి ఆయనది అనుకుని ఈవిడా చెయ్యి ఊపారట. తర్వాత చాలాసేపు పొగ కనబడింది.

మార్గశిరంలో బారసాల ఖర్చులకని మనియార్డరు వచ్చింది. అదే ఆఖరిది. డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడల్లో చోటు దొరికిన వాళ్ళు దొరికినట్టు బయటపడ్డారు. దొరకని లక్షల మంది కాలినడకన బయల్దేరారు. కొందరు అరకాన్ కొండల మీంచి, కొందరు మణిపూర్ వైపు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. చచ్చిపోయిన వాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళ పేర్లు రాసుకున్నవాళ్ళు లేరు. 1942 మార్చిలో రంగూన్ జపాను చేతికి పోయింది.

ఏప్రిల్ 6న మన మీదా పడ్డాయి. జపాను విమానాలు అదే రోజు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఇక్కడ హార్బరు మీదా, పవర్ హౌస్ మీదా. పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డు మ్యూజియంలో ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు చూసే ఉంటారు. ఊరు ఖాళీ అయిపోయింది. బళ్ళు కట్టుకుని, నడిచి, ఎవరి పల్లెలకి వాళ్ళు. ఆంధ్రా యూనివర్సిటీని కూడా కొన్నాళ్ళు గుంటూరుకి తరలించారు.

అమ్మమ్మగారికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు, చేతిలో ఐదు నెలల పిల్ల. మరిది ఎడ్లబండి ఎక్కించి పుట్టింటికి పంపారు. బండెక్కే ముందు ఆవిడ బొగ్గుముక్క తీసుకుని తలుపు మీద ఆ పల్లెటూరి పేరు రాశారట, ఆయన వస్తే ఎక్కడికి రావాలో తెలియాలని. అక్కడికెళ్ళాక ఇంకో భయం పట్టుకుంది. వాన పడితే బొగ్గు చెరిగిపోతుందేమో, ఆయన వచ్చి తాళం చూసి వెళ్ళిపోతారేమో. వైశాఖం వెళ్ళకుండానే, అందరూ వద్దంటున్నా వినకుండా, పిల్లనేసుకుని ఖాళీ ఊళ్ళోకి తిరిగొచ్చేశారు. ఆ తర్వాత మళ్ళీ ఆ ఇల్లు వదిలి ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదట. కూతురి పెళ్ళి కూడా ఆ ఇంట్లోనే చేశారు.

పన్నెండేళ్ళయింది. కబురు లేని మనిషికి పన్నెండేళ్ళు చూసి కర్మకాండ చెయ్యాలని పెద్దలు కూర్చున్నారు. కర్మ చేస్తే ఈవిడ బొట్టూ గాజులూ తియ్యాలి. "పోయాడని చూసినవాళ్ళు ఒక్కళ్ళు రండి, నేనే తీసేస్తాను" అన్నారట అమ్మమ్మగారు. ఎవరూ రాలేదు. గురువారం గురువారం కనకమహాలక్ష్మి కుంకుమ తెచ్చుకుని పెట్టుకుంటూనే ఉన్నారు. వెనకాల అనేవాళ్ళు అన్నారు. పేరంటాలకి పిలవడం మానేసినవాళ్ళూ ఉన్నారు. ఆ తల్లి గుడిలో మాత్రం ఎవరి చేతి కుంకుమైనా ఒకటే.

1960ల్లో బర్మా సైనిక ప్రభుత్వం వ్యాపారాలన్నీ జాతీయం చేసేసరికి, మిగిలిన మనవాళ్ళు మళ్ళీ ఓడల్లో తిరిగొచ్చారు. మద్రాసుకీ, విశాఖకీ. మన ఊళ్ళో బర్మా క్యాంపు అన్న పేరు వాళ్ళ వల్ల వచ్చిందే. 1964లో అమ్మమ్మగారు కూతుర్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళారు. అత్తగారి చంకలో మా బావగారు. మిల్లు పేరు, మనిషి పేరు చెప్పి ఒక్కొక్కళ్ళనీ అడిగారు. చాలామందికి తెలుగు తడబడుతోందట, బర్మా మాటలు కలిపి మాట్లాడుతున్నారట. ఒక ముసలాయన మిల్లు తెలుసన్నాడు, మనిషి తెలియదన్నాడు. "అమ్మ ఆ రోజు ఆ ముసలాయనకి ఇంటి నుంచి కేరేజీ పంపింది. ఆ తర్వాత ప్రతి నెలా పంపింది, ఆయన పోయేదాకా" అన్నారు అత్తగారు.

ఈ మాట నాకు అంతకుముందు చెప్పలేదు. టౌన్ హాలు గోడ పక్కన, లారీ హారన్ల మధ్య చెప్పారు.

నీళ్ళు చూడకుండా ఇంటికెళ్తే ఎలా? రాస్ హిల్ దగ్గరికి ఆటో మాట్లాడాను. ఆటో అబ్బాయి, "ఏటి బామ్మా, ఈ ఏళప్పుడు కొండెక్కుతారేటి?" అని నవ్వాడు. వన్ టౌన్‌లో మూడు గుట్టలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. స్వామి గుడిని ఒక యూరోపియన్ కెప్టెన్ కట్టించాడని చెబుతారు. వచ్చే పోయే ఓడలు ఒకప్పుడు దర్గాకి జెండా దించి దణ్ణం పెట్టేవని కూడా చెబుతారు. రాస్ అనే ఆయన 1864లో ఈ గుట్ట మీద ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత ఆ ఇల్లే చర్చి అయింది. సముద్రం మీదికి పంపినవాళ్ళు ఏ మతం వాళ్ళైనా, దణ్ణం పెట్టుకోవడానికి ఒక గుట్ట ఉందన్నమాట.

ఎక్కగలిగినంత ఎక్కి ఒక చోట కూర్చున్నాం. పైదాకా వెళ్ళలేదు. అక్కణ్ణుంచే కనబడింది: కుడివైపు లోపలి హార్బరు క్రేన్లు, ఎదురుగా డాల్ఫిన్ నోస్, మధ్యలో సన్నటి కాలువ, ఎడమవైపు సముద్రం. ఎండ కొండల వెనక్కి దిగిపోయింది. దీపాలు వెలుగుతున్నాయి. మా అదృష్టం, ఒక పెద్ద ఓడ టగ్గు వెనకాల మెల్లిగా బయటికి వెళ్తోంది.

"ఇటేనా?" అన్నారు.

"ఇటే అత్తయ్యా. ఇదొక్కటే దారి."

ఆపరేషను అయిన కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. "నేనింకా చాలా పెద్ద దారి అనుకున్నాను" అన్నారు. ఓడ సముద్రంలోకి మళ్ళేదాకా చూశారు. కొంగున ఉన్న పొట్లం విప్పి, నా నుదుట ఇంత కుంకుమ పెట్టి, మిగిలింది మళ్ళీ కట్టేసుకున్నారు. అమ్మమ్మగారు 1979లో పోయారు. బొట్టుతోనే సాగనంపారు.

ఆటోలో తిరిగొస్తూ, "ఎన్ని టన్నులు ఎగుమతి అయిందో పోర్టు వాళ్ళ దగ్గర రాసి ఉంటుంది కదా. మా నాన్న పేరు ఎక్కడా ఉండదేమో" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక పాత డైరీ ఒకటి తీసి, ఆవిడ చెబుతుంటే రాశాను. పేరు, ఊరు, మిల్లు, వెళ్ళిన నెల, ఆఖరి మనియార్డరు వచ్చిన నెల. పేజీ కూడా నిండలేదు. ఆ డైరీ రంగం పెట్టెలో పెట్టాను. దుప్పట్లు బీరువాలోకి మార్చేశాను.

మీ ఇంట్లోనూ "మా తాత రంగం వెళ్ళాడు" అనే పెద్దవాళ్ళు ఉండే ఉంటారు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఒక్క గంట పక్కన కూర్చుని అడగండి. ఎవరు వెళ్ళారన్నది ఒక్కటే కాదు, ఇక్కడ ఎవరు ఉండిపోయారో, వాళ్ళు ఎలా గడిపారో కూడా అడిగి రాసుకోండి.